నా దగ్గర బాగానే వస్తోందే!

కొత్త కంప్యూటరు గానీ కొత్త ఫోను గానీ చేతికొస్తే నేను మొట్టమొదట కొట్టి చూసే మాట 'సికింద్రాబాద్‌లో'. ఉండే ఊరి మీద మమకారంతో కాదు. ఆ మాటలో 'ద్' పొల్లుగానే నిలబడాలి, తర్వాతి 'లో' దాని కిందకి వత్తుగా దూరిపోకూడదు. చేత్తో రాసేటప్పుడు ఇదొక సమస్యే కాదు. కంప్యూటరుకి మాత్రం పొల్లు తర్వాత హల్లు వచ్చిందంటే రెంటినీ కలపమనే అర్థం. కలపొద్దు, విడిగా ఉంచు అని చెప్పాలంటే మధ్యలో ఒక గుర్తు పెట్టాలి. ఆ గుర్తుకి ఆకారం లేదు, వెడల్పు లేదు, అచ్చులో కనపడదు. యూనికోడ్‌లో దానికో సంఖ్య మాత్రం ఉంది, 200సి అని. సాఫ్ట్‌వేర్, బస్‌పాస్, హైదరాబాద్‌కి... ఉర్దూ, ఇంగ్లీషు మాటలు కలిసిపోయిన మన పట్నపు తెలుగులో ఆ కనపడని గుర్తు లేకుండా ఒక పేరా కూడా రాయలేం. అది పనిచెయ్యని చోట మాట అతుక్కుపోతుంది, లేదా మధ్యలో ఖాళీ డబ్బా ఒకటి వచ్చి కూర్చుంటుంది.

పదేళ్లుగా నేను చేస్తున్న ఒక పని ఇదే. ఎవరూ జీతమివ్వరు, ఎవరూ పిలవరు. ఉచితంగా, స్వేచ్ఛగా వాడుకునే హక్కుతో వచ్చే సాఫ్ట్‌వేర్లు విడుదలకు ముందు కొన్ని వారాలపాటు పరీక్షకు వస్తాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు వాటిని తమ సొంత మిషన్లలో ఎక్కించుకుని, వాడి చూసి, ఎక్కడ చెడిందో రాసి పంపుతారు. ఒకరిది విండోస్, ఒకరిది మాక్, ఇంకొకరిది లినక్సు. ఎవరి భాష వాళ్లు చూస్తారు. 2010లో ఓపెన్ ఆఫీస్ నుంచి విడిపోయి పుట్టిన లిబ్రెఆఫీస్‌కి ఇలాగే విడుదల ముందు దోషాల వేట రోజులుంటాయి. నేను తెలుగు చూస్తాను. నాకు ప్రోగ్రాము ఒక్క లైను రాయటం రాదు. సాహిత్యంలో పిహెచ్.డి. చేసిన మనిషిని. అక్షరం తప్పుగా ఉంటే కంటికి గుచ్చుకోవటం ఒక్కటే నాకున్న అర్హత.

ఈ పనిలోకి రావటానికి కారణం నా సిద్ధాంత వ్యాసమే. తొలినాటి స్త్రీల పత్రికల మీద పనిచేశాను. 1893లో మొదలైన తెలుగు జనానా, 1902లో మొదలైన హిందూ సుందరి, భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' వచ్చిన కాలం. ఆ కాలపు పేజీని ఉన్నదున్నట్టుగా ఎత్తి రాసుకోవాలంటే అరసున్న కావాలి, బండి ఱ కావాలి, దంత్య చ, జలు ౘ, ౙ కావాలి, నకారపొల్లు కావాలి, వలపలగిలక కావాలి. తెలుగు 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో చేరింది. అప్పటికే మన దేశంలో ఉన్న ఇస్కీ పట్టికే దానికి ఆధారం. కానీ ౘ, ౙలకు చోటు దొరికింది 2008లో. నకారపొల్లుకు దొరికింది 2021లో. అంటే నేను సిద్ధాంత వ్యాసం సమర్పించేనాటికి, పాత అచ్చులో ఉన్న ఒక అక్షరం కంప్యూటరు లెక్కలో లేనే లేదు. 'దాని బదులు మామూలు నకారం పెట్టేయండి, ఎవరు చూస్తారు' అన్నారు చాలామంది. ఎవరు చూస్తారన్న మాట స్త్రీల రచనల విషయంలో మనం ఎన్నిసార్లు వినలేదు?

చోటు దొరకటంతో పని అయిపోదు. పట్టికలో చోటు వేరు, ఆ అక్షరం ఫాంటులో ఉండటం వేరు, ఉన్న అక్షరాన్ని సరైన క్రమంలో కూర్చి తెర మీద వేసే యంత్రాంగం వేరు. ఈ మూడోది ఒక్కో ఆపరేటింగ్ సిస్టంలో ఒక్కోటి. విండోస్‌ది ఒక దారి, ఆపిల్‌ది ఒక దారి, లినక్సుది ఒక దారి. అందువల్లే ఒకే ఫైలు ఒక మిషన్‌లో సరిగ్గా, ఇంకో మిషన్‌లో వికారంగా కనిపించేది. లిబ్రెఆఫీస్ 2017లో 5.3 కూర్పుతో అన్ని చోట్లా హార్ఫ్‌బజ్ అనే ఒకే కూర్పు యంత్రాన్ని వాడటం మొదలుపెట్టాక ఈ బాధ చాలావరకు తగ్గింది. ఆ పేరు పారశీకం నుంచి వచ్చింది, తెరిచి ఉన్న అక్షరం అని అర్థం. దాన్ని తయారుచేసేటప్పుడు భారతీయ భాషలకు పరీక్ష ఎలా పెట్టారో తెలుసుకున్నప్పుడు నాకు సంతోషమూ కలిగింది, చురుక్కుమని కూడా అనిపించింది. ఆయా భాషల వికీపీడియాల్లోంచి మాటలన్నీ పోగుచేసి, ఒక్కో మాటనీ విండోస్ ఎలా చూపిస్తోందో ఇది అలాగే చూపిస్తోందా అని పోల్చారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో రాత్రుళ్లు కూర్చుని వ్యాసాలు కొట్టినవాళ్లందరూ తమకు తెలియకుండానే ఈ పరీక్షలో పాల్గొన్నారన్నమాట! అది సంతోషం. మరి చురుక్కు దేనికంటే, తెలుగు వికీపీడియాలో ఊళ్ల పేర్ల వ్యాసాలది, సినిమా వ్యాసాలది పెద్ద వాటా. ఇంట్లో మాట్లాడే మాటలు, వంటింటి మాటలు, మన మాండలికాల్లోని కుదించిన క్రియలు ఆ పోగులో ఎన్ని ఉంటాయి? పైగా కొలబద్ద విండోస్. కొలబద్దలోనే ఒంకర ఉంటే?

ఇక మిషన్ల సంగతి. మా ఊళ్లో కంప్యూటరు కొనాలంటే ఇప్పటికీ చాలామందికి ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే గుర్తొస్తుంది. సీటీసీ అంటారు. నా మొదటి కంప్యూటరు అక్కడే విడిభాగాలు కొని కూర్పించుకున్నాను. డబ్బా, తెర, మీటలపలక అన్నీ కలిపాక చేతిలో మిగిలిన డబ్బుతో విండోస్ లైసెన్సు రాదు. లినక్సు ఎక్కించమన్నాను. 'మేడమ్, దీంట్లో మీకు పని జరగదు' అన్నాడు దుకాణం కుర్రాడు జాలిగా. నా సిద్ధాంత వ్యాసం మొత్తం దాంట్లోనే రాశాను. అతన్నేమీ అనటం లేదు, అతను చూసిన మేడమ్‌లు బహుశా ఎవరూ లినక్సు అడిగి ఉండరు.

అంతకు ముందు, డిగ్రీ చదివే రోజుల్లో బంధువులింట్లో విండోస్ ఎక్స్‌పీ ఉండేది. అందులో తెలుగు ఉందిగానీ నిద్రపోతూ ఉండేది. ప్రాంతీయ, భాషా అమరికల్లోకి వెళ్లి, సంక్లిష్ట లిపులకు కావలసిన ఫైళ్లు అన్న దగ్గర టిక్కు పెట్టాలి. పెట్టగానే అసలు సీడీ పెట్టమని అడిగేది. ఆ సీడీ ఎవరి ఇంట్లో ఉండేది గనక! సీడీ అంటే లైసెన్సు. అంటే మాతృభాష కనిపించాలన్నా కొనుగోలు రశీదు చూపించాలన్నమాట. 'గౌతమి' అనే ఫాంటు విండోస్‌తోపాటే వచ్చేది, దాన్ని తీసుకెళ్లి లినక్సులో పెట్టుకునే హక్కు మనకు లేదు. కెనడాలో ఉండే తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి జీపీఎల్ లైసెన్సు కింద ఇవ్వటం వల్లా, రెడ్‌హ్యాట్ వాళ్ల లోహిత్ వల్లా నాలాంటివాళ్లం బతికిపోయాం. సిలికానాంధ్ర చొరవతో తయారై ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చినవి ఆ తర్వాత బోలెడు చేరాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, గురజాడ, గిడుగు, సురవరం. ఆ వరసలో మొల్ల లేదు.

లైసెన్సు అన్నది మనలాంటి రచయిత్రులకు పట్టని విషయమని అనుకోకండి. జీపీఎల్ కింద ఉన్న ఫాంటును మీ పుస్తకం పీడీఎఫ్‌లో పొదిగితే ఆ పుస్తకం మొత్తానికీ జీపీఎల్ షరతులు వర్తిస్తాయా అన్న ప్రశ్న ఒకప్పుడు నిజంగా వచ్చింది. అందుకే పత్రానికి ఆ షరతు అంటదని చెప్పే మినహాయింపు వాక్యం ఒకటి ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ఈ తలనొప్పి లేకుండా చేసింది, ఫాంటును విడిగా అమ్ముకోకూడదు, మిగతావి చేసుకోవచ్చు.

పరీక్ష చేసేవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. లినక్సు ఎన్ని రకాలైనా దించుకుని ఒకే కంప్యూటరులో పక్కపక్కన పెట్టుకోవచ్చు. మాక్ అలా కుదరదు. ఆపిల్ కంప్యూటరు మీద తప్ప ఆ సిస్టం ఎక్కించటానికి లైసెన్సు ఒప్పుకోదు. మైక్రోసాఫ్ట్ 2013 నుంచి కొన్నేళ్లపాటు వెబ్ పేజీలు పరీక్షించుకునేవాళ్ల కోసం ఉత్తుత్తి కంప్యూటర్లు ఉచితంగా ఇచ్చింది, 90 రోజులకు వాటి గడువు తీరిపోయేది. ఇక ఫలితం ఏమిటి? ఊరికే చేసేవాళ్లు ఊరికే దొరికేదాని మీదే చేస్తారు. లినక్సులో తెలుగు నలుగురు చూస్తారు, మాక్‌లో ఒక్కరు కూడా చూడరు. వాడేవాళ్లేమో విండోస్‌లో, ఫోన్లలో ఉంటారు. అందులోనూ ఆడవాళ్ల చేతుల్లో ఏ ఫోన్లుంటాయి? ఇంట్లో కొత్త ఫోను వస్తే అది మగపిల్లాడికి, వాడిది నాన్నకి, ఆ నాన్నది అమ్మకి. పాత ఆండ్రాయిడ్‌లో తెలుగు అంతా డబ్బాలు డబ్బాలుగా కనిపించిన రోజుల్లో 'అమ్మకి ఫోను వాడటం రాదు' అనుకున్న ఇళ్లు ఎన్నో! ఆమెకు రాకపోవటం కాదు, ఆమె దాకా వచ్చిన యంత్రం ఎవరి పరీక్షా పట్టికలోనూ లేదు.

దోషం రాసి పంపటానికి ఒక పద్ధతి ఉంది. ఏ మిషన్, ఏ సిస్టం, ఏ కూర్పు, వరసగా ఏం చేశావు, ఏం జరుగుతుందనుకున్నావు, ఏం జరిగింది. సాహిత్య విద్యార్థిగా నాకీ ప్రక్రియ చాలా ఇష్టం. విశేషణాలకు చోటుండదు. అలా రాసి పంపిన మాట ముందు 'నిర్ధారణ కానిది' అన్న గదిలో పడుతుంది. ఇంకెవరో తమ దగ్గర అవే మెట్లు ఎక్కి చూసి 'నాకూ ఇలాగే అయింది' అంటే అప్పుడది దోషంగా గుర్తింపు పొందుతుంది. అలా జరక్కపోతే ఇంగ్లీషులో ఒక ముద్ర పడేది, 'వర్క్స్ ఫర్ మీ' అని. మన భాషలో చెప్పాలంటే, 'నా దగ్గర బాగానే వస్తోందే!'

మొదటిసారి నా రిపోర్టు మీద ఆ ముద్ర చూసినప్పుడు నవ్వొచ్చింది. ఎక్కడో విన్న గొంతే. మా ఇంట్లో అలాంటి తేడాలేం లేవమ్మా. మా ఆఫీసులో ఎవరూ అలా ప్రవర్తించరే. మా ఆయన వంట కూడా చేస్తాడు. అనేవాళ్లు అబద్ధం చెప్పటం లేదు, వాళ్ల మిషన్‌లో నిజంగానే బాగా వస్తోంది. నాకు ఖాళీ డబ్బా కనిపిస్తోందన్నది కూడా అంతే నిజం. ఈ రెండు నిజాల మధ్య తేల్చే దారి ఒకటే, ఇంకో నలుగురు తమ తమ చోట్ల చూసి చెప్పటం. డెబ్బైలు, ఎనభైల్లో స్త్రీలు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని మాట్లాడుకున్నప్పుడు చేసిందీ ఇదే కదా. నాకొక్కదానికేనా అని భయంభయంగా మొదలుపెడితే, నాకూ అయింది, నాకూ అని గది నిండా వినిపించేది.

కానీ ఆ నలుగురు ఎవరు అన్నది తేలిక ప్రశ్న కాదు. చూసే కళ్లు ఎక్కువైతే ఏ దోషమూ దాగదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మనుషులు నమ్ముతారు. నమ్మకం మంచిదే. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు తెలిసిందేమంటే, ప్రపంచంలో సగం వెబ్ ఆధారపడ్డ చోట అది రెండేళ్లపాటు అందరి కళ్లెదుటే ఉంది. కళ్లు ఎన్ని అన్నదాని కన్నా ఎవరివి అని నేనడుగుతాను. 2002లో ఐరోపాలో జరిగిన ఒక పెద్ద సర్వేలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లలో స్త్రీలు నూటికి ఒక్కరు, కచ్చితంగా చెప్పాలంటే 1.1 శాతం. 2017లో గిట్‌హబ్ చేసిన సర్వేలో 3 శాతం. పదిహేనేళ్లకు నూటికి ఇద్దరు పెరిగాం!

ఎందుకింత తక్కువ అంటే పెద్ద రహస్యం లేదు. స్వచ్ఛంద సేవకు కావలసింది ముందుగా సాయంత్రం. నా పరీక్షలు రాత్రి పదిన్నర తర్వాత మొదలవుతాయి, గిన్నెలు సర్ది, రేపటి పెసలు నానబోశాక. నాతో పాటు తెలుగు చూసే కుర్రాళ్లు మంచివాళ్లు, అక్కా అక్కా అంటారు. వాళ్లలో ఒకతను ఒకసారి 'అక్కా, ఆదివారం పొద్దున్నించి కూర్చుంటే ఒక్క రోజులో అయిపోతుంది' అన్నాడు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉండేవాళ్లు వేరే జాతి. ఇంకో సంగతి. జీతం లేని పనిని ప్రేమ అనీ సేవ అనీ పిలవటం ఆడవాళ్లకు కొత్త కాదు. ఇంటి చాకిరికి లెక్క కట్టమని ఇన్నేళ్లు వాదించిన మనం ఈ పనిని ఏ లెక్కలో వెయ్యాలి? ఇంట్లో చాకిరికి నన్నెవరూ అడగలేదు, దీన్ని నేను ఎంచుకున్నాను. ఇక్కడ నేను బాగుచేయించిన అక్షరం బాగుపడే ఉంటుంది, రేపు మళ్లీ తోమక్కర్లేదు. ఈ తేడా చిన్నది కాదని నా అభిప్రాయం. ఒప్పుకోని స్నేహితురాళ్లున్నారు.

2018 ఫిబ్రవరిలో మన భాష ప్రపంచ వార్తల్లోకెక్కింది. ఒక తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు కుప్పకూలుతున్నాయని. ఆ అక్షరం ఏమిటో గుర్తుందా? 'జ్ఞా'. జ్ఞానంలో జ్ఞా. నిజానికి మామూలుగా రాసిన జ్ఞానంతో ఏ ప్రమాదమూ లేదు. జకారం, పొల్లు, ఞకారం, ఆ వెంటనే పైన చెప్పిన కనపడని గుర్తు, దాని తర్వాత దీర్ఘం. ఈ అయిదూ ఆ వరసలో వస్తే ఆపిల్ అక్షరాలు కూర్చే యంత్రాంగం తట్టుకోలేకపోయింది. బెంగాలీలో, దేవనాగరిలో కూడా అలాంటి వరసలకు కూలిందని తర్వాత తేలింది. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పుతో సరిచేశారు. ఆ వారమంతా పత్రికల భాష చూశాను. 'ప్రాణాంతకమైన తెలుగు అక్షరం' అన్న ధోరణి. బలహీనత ఉన్నది యంత్రంలో, నేరం అక్షరానిది! ఆమె అక్కడికి ఎందుకెళ్లింది, ఆ వేళప్పుడు ఎందుకెళ్లింది అన్నట్టే.

ఆపిల్‌కి కూడా స్వచ్ఛందంగా పరీక్షించేవాళ్లున్నారు. 2014లో మాక్‌కి, 2015లో ఐఫోన్‌కి ముందస్తు కూర్పులను మామూలు జనానికి ఇవ్వటం మొదలుపెట్టింది. కాకపోతే చూసింది బయట చెప్పకూడదన్న షరతు ఉండేది. పంపిన రిపోర్టు పంపినవాళ్లకు తప్ప ఇంకొకరికి కనిపించదు. నాకూ ఇలాగే అయింది అని చెప్పే మనిషి పక్కనే ఉన్నా తెలిసే దారి లేదు. మౌనం షరతుగా ఉన్న చోట అనుభవాలు విడివిడిగా మిగిలిపోతాయని మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

మూడేళ్ల కిందట ఒక రచయిత్రి నాకు ఒక సీడీ ఇచ్చారు. డెబ్బై దాటిన మనిషి. మేమంతా అక్క అంటాం. తెలంగాణ పల్లెలో పంతులమ్మగా ముప్ఫై ఏళ్లు పనిచేసి రాసుకున్న స్వీయచరిత్ర, రెండువేల దశకం మొదట్లో ఒక డీటీపీ సెంటరులో కంపోజు చేయించారు. పుస్తకం కొన్ని ప్రతులే వేశారు, అయిపోయాయి. ఇప్పుడు మళ్లీ వెయ్యాలి. ఫైలు తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలు, ఆశ్చర్యార్థకాలు, డాలరు గుర్తులు. 'బిడ్డా, నా రాత నాకే చదవరాకుండ అయింది' అన్నారు.

యూనికోడ్‌కు ముందు అచ్చు కోసం వాడిన ఫాంట్ల కథ మీలో చాలామందికి అనుభవమే. ఇంగ్లీషు అక్షరాలుండే గళ్లలో తెలుగు ముక్కలు పెట్టేవారు, ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో వత్తు, ఒక గడిలో కొమ్ము. ఆ ఫాంటు ఉన్నంతసేపూ తెలుగు, అది తీసేస్తే చెత్త. అమ్మిన సంస్థ తాళంలాంటి చిన్న పరికరం కూడా ఇచ్చేది, అది తగిలిస్తేనే పనిచేసేది. ఆ డీటీపీ సెంటరు మూతపడి చాలా కాలమైంది. కంపోజు చేసినావిడ ఎక్కడుందో అక్కకి తెలియదు. ఆవిడ పేరు కూడా పుస్తకంలో వెయ్యలేదు.

ఇలాంటివాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఎవరో ఒకరు ఖర్చుకోర్చి రాస్తూనే ఉన్నారు. పద్మ అనే పొడిగింపు ఒకటి ఉండేది, నాగార్జున వెన్న రాసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది పెట్టుకుంటే సొంత ఫాంట్లలో వచ్చే పత్రికలన్నీ యూనికోడ్‌లో చదువుకునేవాళ్లం. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చి పాత తరహా పొడిగింపులన్నిటినీ వదిలేసింది, వాటితోపాటు అదీ పోయింది. అక్క ఫైలు కోసం మేం నలుగురం ఇంకో మార్పిడి పనిముట్టును పరీక్షించటం మొదలుపెట్టాం. అక్కడ లైసెన్సు గోడ ఎదురైంది. మార్చింది సరిగ్గా ఉందో లేదో తేల్చాలంటే అసలు పేజీతో పోల్చాలి. అసలు పేజీ కనపడాలంటే ఆ ఫాంటు కావాలి. ఫాంటును మేం పంచుకోకూడదు. లైసెన్సు ఉన్న ఒకే ఒక స్నేహితుడి దగ్గర ఉన్నది పాత విండోస్ మిషన్, కొత్త పనిముట్టు దాంట్లో నడవదు. నడిచే చోట అసలు కనపడదు, అసలు కనపడే చోట నడవదు!

చివరికి అక్క దగ్గర మిగిలిన ఒక్క అచ్చు ప్రతి దిక్కయింది. కాగితానికి లైసెన్సు అక్కర్లేదు. పుస్తకం పట్టుకుని అక్క పైకి చదువుతుంటే నేను తెర మీద చూసేదాన్ని. మారేడ్‌పల్లిలో వాళ్లింటి వరండాలో, శనివారాలు. పాతకాలం ప్రూఫ్ రీడింగే, ఇద్దరు ఆడవాళ్లు, ఒకరు గొంతు, ఒకరు కన్ను. చదువుతూ మధ్యలో ఆగి పుస్తకంలో రాయనివి చెప్పేవారు. అవి చాలా ఉన్నాయి, ఇక్కడ రాసేవి కావు.

అన్నిటికన్నా ఎక్కువసార్లు విరిగిన మాట ఏదో చెబితే నమ్మరు. 'స్త్రీ'. పాత ఫాంటులో ముక్కలు కంటికి కనిపించే వరసలో పేర్చి ఉంటాయి, ముందు 'సీ', దానికి త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో పలికే వరసలో ఉండాలి, సకారం, తకారం, రకారం, చివర గుడిదీర్ఘం. మార్పిడిలో వత్తులు తారుమారైతే 'స్ర్తీ' అవుతుంది. ఇది అక్క ఫైలులోనే కాదు, పత్రికల వెబ్ పేజీల్లో మీరూ చూసే ఉంటారు. చదివేవాళ్లు సర్దుకుని చదివేసుకుంటారు. కానీ వెతికేవాళ్లకి దొరకదు. రేపెప్పుడో ఒక పరిశోధక విద్యార్థిని 'స్త్రీ' అని కొట్టి వెతికితే, ఒక పంతులమ్మ ముప్ఫై ఏళ్ల జీవితంలో ఆ మాట ఒక్కసారి కూడా లేదని వస్తుంది. అచ్చయి, గ్రంథాలయంలో ఉండి, డిజిటల్ కూడా అయి, లేకుండా పోవటం ఇది. నేను రిపోర్టు రాశాను. ఈసారి ముగ్గురు, మూడు సిస్టంలలో, అదే దోషం చూసి చెప్పారు. వారంలో సరిచేశారు.

దోషం అని ఒప్పుకోనివీ ఉన్నాయి. 'యూజర్' అన్నదాన్ని 'వినియోగదారుడు' అని అనువదిస్తే అది పరీక్షలో దొరికిన లోపమా, నా అభిప్రాయమా? అభిప్రాయమే అన్నారు. తెలుగు వికీపీడియా 'వాడుకరి' అనే మాటతో ఈ 'డు' బాధ లేకుండా చేసుకుంది. ఆ వికీని నడిపే మీడియావికీలో వాడుకరి ఆడా మగా అన్నదాన్నిబట్టి వాక్యం మార్చే ఏర్పాటు కూడా ఉంది. అదొచ్చాక మన వ్యాకరణం ఎదురైంది. 'పంపాడు' అని మగవాళ్లకి, 'పంపింది' అని ఆడవాళ్లకి, అదే 'పంపింది' కుర్చీకి, కుక్కకి, సర్వరుకి. 1858 నాటి బాలవ్యాకరణం ఈ మహత్తు, అమహత్తుల లెక్కను నియమంగా రాసిపెట్టింది. అందరికీ 'పంపారు' వాడితే సరిపోతుందని రాశాను. ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకున్నారు, గౌరవంగా ఉంటుందని. కారణం నాది కాదు, ఫలితం నాదే, పోనిద్దురూ అనుకున్నాను.

అక్క పుస్తకం పని ముగింపుకొచ్చింది. ఇక దాన్ని ఎలా విడుదల చెయ్యాలి? మా కుర్రాళ్లు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు పెడదామన్నారు, వికీపీడియా వాడేది. ఎవరైనా ఉచితంగా పంచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, రచయిత పేరు చెప్పి, అవే షరతులతో ఇస్తే చాలు. అక్షరాన్ని విడిపించటానికి ఇంత పాటుపడి మళ్లీ తాళం వేస్తామా అన్నది వాళ్ల వాదన. నాకూ సబబనే అనిపించింది. కాగితం మీద తెలుగులో రాసి తీసుకెళ్లి అక్కకి వివరించాను. అద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు.

'జీతానికి చేసింది బడి ఒక్కటే బిడ్డా. కడమదంతా ఊర్కెనే చేసిన. ఇగ ఇది గూడ ఊర్కెనే ఇయ్యాల్నా?' అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు అని నాకు తెలిసిన పాఠం మొదలుపెట్టి, వాక్యం మధ్యలోనే ఆపేశాను. కాగితం ఆలోచించుకుంటానని దగ్గర పెట్టుకున్నారు. కంపోజు చేసినావిడ పేరు కనుక్కోమని, అది తెలిస్తే పుస్తకంలో వెయ్యాలని మాత్రం గట్టిగా చెప్పారు. అప్పట్లో ఆ సెంటరు పక్కన పుస్తకాలు కుట్టిన బైండరు చిరునామా ఒకటి దొరికింది. వచ్చే శనివారం వెళ్తున్నాం.